కాపీకి ముందు కొలత

“పెన్‌డ్రైవ్ ఇయ్యరా, ఫోల్డర్ కాపీ చేసుకుంటా.” హాస్టల్‌లో రోజుకు పదిసార్లు వినిపించే మాట ఇది. ఇచ్చేవాడు ఇస్తాడు, పెట్టేవాడు పెడతాడు. అందులో ఎంత చోటుందని మాత్రం ఎవరూ అడగరు. పట్టకపోతే మళ్లీ చేసుకోవచ్చులే అన్న ధీమా. సినిమా అయితే నిజమే, మళ్లీ దొరుకుతుంది. మళ్లీ దొరకనివి కూడా కొన్ని ఉంటాయి. వాటి కోసమే ఈ వ్యాసం.

మాది బోరంచ. నారాయణఖేడ్ వైపు, మంజీర ఒడ్డున ఉంటుంది. మొన్న సెలవుల్లో మా ఊరి పెద్దవాళ్లు పాడే బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు, కలుపు తీసేటప్పటి పాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. పాడినవాళ్లలో ఒక అవ్వకు ఎనభై దాటాయి. రెండు పాటలయ్యాక దమ్ము తీసుకుని, “మళ్ల పాడమంటే నాతోని కాదు బిడ్డా, ఇప్పుడే మంచిగ పట్టుకో” అన్నది. ఆ వీడియోలను అక్క లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో కాలేజీకి తేవాలి.

మొత్తం 23 ఫైళ్లు. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 41.2 జీబీ. పెన్‌డ్రైవ్ 64 జీబీది. అందులో పాత ల్యాబ్ ఫైళ్లు, సినిమాలు కలిపి 20 జీబీ ఉన్నాయి. తమ్ముడు నోటి లెక్క చేశాడు: “అరవై నాలుగుల ఇరవై పోతే నలభై నాలుగు. మనది నలభై ఒకటే గదా అన్నా, పడతది.”

పట్టదు. ఎందుకో చూద్దాం.

పెన్‌డ్రైవ్ తయారుచేసేవాళ్లు జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్క వేస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు గుణించి, అంటే 107 కోట్ల 37 లక్షల పైచిలుకు బైట్లను ఒక జీబీగా చూపిస్తుంది. అందుకే డబ్బా మీద 64 అని ఉన్నది విండోస్‌లో సుమారు 59.6 అవుతుంది. ఫార్మాట్ లెక్కలకు ఇంకాస్త పోతుంది. 1 టీబీ హార్డ్‌డిస్క్ 931 జీబీగా కనిపించేది కూడా ఇందుకే. దుకాణంవాడు మోసం చేయలేదు, కొలిచే మానిక వేరు, అంతే. ఇప్పుడు 59.6లో 20 తీసేస్తే మిగిలేది 39.6. మన ఫైళ్లు 41.2. జీబీన్నర తక్కువ పడుతోంది.

కాబట్టి మొదటి సూత్రం: రెండు అంకెలనూ ఒకే యంత్రంలో, ఒకే లెక్కలో చూడాలి. ఫోన్‌లో చూసిన సైజును విండోస్‌లో చూసిన ఖాళీతో పోల్చకూడదు. చాలా ఫోన్లు డబ్బా మీది లెక్కనే వాడతాయి.

కొలవకుండా కాపీ మొదలుపెడితే ఏమవుతుంది? విండోస్ చాలాసార్లు ముందే “చోటు చాలదు” అని ఆపేస్తుంది. లినక్స్‌లో ‘సీపీ’ కమాండ్ అలా ముందుగా చూడదు. పోసుకుంటూ పోతుంది, నిండినచోట ఆగుతుంది. అప్పుడు ఆఖరి ఫైలు సగమే వచ్చి ఉంటుంది. కానీ దాని పేరు మాత్రం పూర్తిగా ఉంటుంది! పేరు చూసి ఫైలు వచ్చేసిందనుకుంటాం. పైగా ఫోన్‌లో తీసిన ఎంపీ4 వీడియోల్లో, ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. అది రాకపోతే సగం వీడియో కాదు కదా, ఒక్క నిమిషం కూడా తెరుచుకోకపోవచ్చు. ఇక కాపీకి బదులు కట్ చేసి పేస్ట్ చేస్తే మరీ ప్రమాదం. మధ్యలో ఆగితే కొన్ని ఫైళ్లు ఇక్కడ, కొన్ని అక్కడ ఉండిపోవచ్చు. విలువైన వాటికి కట్ వాడొద్దు.

లినక్స్ వాడేవాళ్లకు రెండు కమాండ్లు చాలు. (టెర్మినల్‌లో వీటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.) ‘డీయూ -ఎస్‌హెచ్’ పక్కన ఫోల్డర్ పేరు ఇస్తే ఆ ఫోల్డర్ బరువెంతో చెబుతుంది. ‘డీఎఫ్ -హెచ్’ పక్కన మనం కాపీ చేయబోయే చోటు పేరు ఇస్తే అక్కడ ఖాళీ ఎంతో చెబుతుంది. ఆ చోటు పేరు ఇవ్వడం ముఖ్యం. హోమ్ ఒక పార్టిషన్‌లో, పెన్‌డ్రైవ్ ఇంకో చోట ఉంటాయి. ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీగా ఉందని పక్కింటి డబ్బాలో పోయలేం కదా. అలాగే ‘సైజ్’ గడిలోంచి ‘యూజ్డ్’ తీసేసి లెక్క కట్టొద్దు, నేరుగా ‘అవైల్’ గడి చూడండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం పక్కన పెట్టుకుంటుంది. అది మనకు దొరకదు.

చోటు సరిపోయినా ఇంకో అడ్డు ఉంది. నా 23 ఫైళ్లలో ఒకటి 48 నిమిషాల వీడియో, 5.7 జీబీ. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంది. ఈ పద్ధతిలో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉంటాయి. అంటే ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటకూడదు, దాదాపు 4 జీబీ. డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా ఆ వీడియో అందులోకి ఎక్కదు. బస్సు ఖాళీగానే ఉంది, కానీ మంచం డోర్‌లో పట్టడం లేదన్నట్టు. దీనికి మందు ఎక్స్‌ఫ్యాట్. కానీ ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది. అందుకే పాత 20 జీబీని ముందు లాప్‌టాప్‌లోకి దించాం. దానికీ అక్కడ చోటుందో లేదో చూసుకున్నాం. ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూశాకే ఫార్మాట్ చేశాం. అప్పుడు 59.6లో 41.2 పోయినా ఇంకా 18 జీబీ మిగిలింది.

ఇదంతా పెన్‌డ్రైవ్‌ల గొడవే అనుకోకండి. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా కంపెనీ 14 ప్లాంట్లలో ఉత్పత్తి ఆగిపోయింది. రెండు రోజుల ముందు, ఆగస్టు 27న, విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్ల నిర్వహణ పని జరిగింది. డేటాబేస్‌లో పేరుకున్న డేటాను తీసేసి సర్దుతుండగా డిస్క్‌లో చోటు చాలక సిస్టమ్ ఆగిపోయింది. బ్యాకప్ సర్వర్ కూడా అదే సిస్టమ్ మీద నడుస్తుండటంతో అదీ అలాగే ఆగింది. చివరకు డేటాను ఎక్కువ చోటున్న సర్వర్‌లోకి మార్చి బాగుచేశారు. సెప్టెంబరులో కంపెనీయే ఈ కారణం చెప్పింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, సర్దడానికి కూడా చోటు కావాలి. జిప్ ఫైలు విప్పేటప్పుడు జిప్‌కూ, విప్పిన ఫైళ్లకూ కలిపి చోటుండాలి. (వీడియోలను జిప్ చేస్తే చోటు పెద్దగా తగ్గదు, అవి ముందే కుదించి ఉంటాయి.) అందుకే లెక్క మీద కనీసం పదో వంతు అదనంగా ఉంచుకోండి. రెండు, బ్యాకప్ వేరే చోట ఉంటేనే బ్యాకప్. ఒకే డ్రైవ్‌లో రెండు ఫోల్డర్లు పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు.

ఇంకో జాగ్రత్త. అగ్గువకు వస్తుందని పేరు లేని పెన్‌డ్రైవ్ కొంటే అది ఉన్నదానికంటే ఎక్కువ చోటు చూపించవచ్చు. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు డ్రైవ్ మొత్తం రాసి, తిరిగి చదివి అసలు సంగతి తేలుస్తాయి. కొత్త డ్రైవ్‌కు ముందు ఈ పరీక్ష పెట్టండి.

కాపీ అయ్యాక? ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు రెండు వైపులా ఒకటేనా చూడాలి. ఇంకా గట్టిగా చూడాలంటే లినక్స్‌లో ‘షా256సమ్’, విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్’ కమాండ్‌తో రెండు ఫైళ్ల హ్యాష్‌లు పోల్చవచ్చు. ఒక్క బైటు తేడా ఉన్నా బయటపడుతుంది. తర్వాత ఎజెక్ట్ చేసి, మళ్లీ పెట్టి, పెద్ద ఫైలు చివరి నిమిషం నడిపి చూడండి. నేను నడిపి చూసింది ఆ 48 నిమిషాల వీడియోనే. ఫోన్‌లోని అసలు ఫైళ్లు మాత్రం రెండు వేర్వేరు చోట్ల కాపీలు సరిచూసేదాకా తీసేయలేదు.

కాపీకి ముందు ఈ లెక్క చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఎంత ఉంది, ఎంత పడుతుంది, అన్నిటికంటే పెద్ద ఫైలు ఏది, డ్రైవ్ ఫార్మాట్ ఏది? ఈ నాలుగూ అడిగాకే పేస్ట్ నొక్కండి. ముఖ్యంగా మీ ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఏదైనా మీ ఫోన్‌లో ఒక్కచోటే ఉంటే, ఈ వారమే ఆ లెక్క చూడండి.