పటం చెప్పే సత్యం

భూమి గోళాకారం, పటం సమతలం. నారింజ తొక్కను చింపకుండా, సాగదీయకుండా బల్లపై పరచడం అసాధ్యం. భూగోళాన్ని కాగితంపైకి దించడమూ అటువంటిదే. ఇందుకు అనుసరించే గణిత పద్ధతిని ‘ప్రక్షేపం’ అంటారు. ఆకారం, వైశాల్యం, దూరం, దిశ – ఈ నాలుగింటినీ ఒకేసారి కాపాడగల ప్రక్షేపం లేదు.

1569లో మెర్కేటర్ రూపొందించిన ప్రపంచపటం నావికులకు ఎంతగానో ఉపకరించింది. దిక్సూచి చూపే ఒకే దిశను పట్టి సాగే మార్గం అందులో సరళరేఖగా కనిపిస్తుంది. కాని ధ్రువాలవైపు వెళ్ళేకొద్దీ భూభాగాలు ఉన్నదానికంటె పెద్దవిగా అగుపిస్తాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో ఇంచుమించు సమానమనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది.

ఈ దోషం దూరదేశాలకే పరిమితం కాదు. అంతర్జాల పటాలలో విరివిగా వాడే ప్రక్షేపం మెర్కేటర్ పద్ధతికి చెందినదే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. ఇక్కడి 100 ఎకరాల చెరువును ఆ పటతలంపై నేరుగా కొలిస్తే దాదాపు 110 ఎకరాలుగా తేలుతుంది. వానకోసం ఎదురుచూసే మెట్టసీమలో లేని పది ఎకరాల నీటిని లెక్కకు చేర్చడం స్వల్పమైన పొరపాటు కాదు. అందుచేత విస్తీర్ణాన్ని లెక్కించేటప్పుడు వైశాల్యాన్ని కాపాడే ప్రక్షేపాన్నే ఎన్నుకోవాలి.

2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన షాద్‌నగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రానికి చెందిన భూకేంద్రం ఉంది. అది ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని స్వీకరిస్తుంది. ఆ సమాచారాన్ని పటంగా మలచేటప్పుడూ ప్రక్షేపాన్ని నిర్ణయించుకోక తప్పదు.

పూర్వం శ్రమతో గీసిన పటాలను నేడు జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేర్ క్షణాలలో మార్చి చూపుతుంది. అందులో సమదూర ప్రక్షేపాన్ని ఎంచుకొని, మహబూబ్‌నగర్ అక్షాంశ రేఖాంశాలను కేంద్రంగా ఇస్తే ప్రపంచమంతా ఒక వృత్తంలో అమరుతుంది. పాలమూరు నుండి ఏ చోటికైనా దూరం, దిశ సరిగా ఉంటాయి. అమెరికా అనగానే పడమర గుర్తుకు వస్తుంది. కాని శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి ఉత్తరానికి కొద్దిగా తూర్పుగా సాగుతుందని ఈ పటం తెలుపుతుంది. ఇదే ప్రక్షేపాన్ని ఉత్తరధ్రువం కేంద్రంగా తీసుకొని 1946లో ఐక్యరాజ్యసమితి తన చిహ్నాన్ని రూపొందించుకొన్నది.

అయితే ఈ పటానికీ లోపం లేకపోలేదు. భూగోళంపై పాలమూరుకు సరిగ్గా అవతలివైపున, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న ఒక్క బిందువు వృత్తపు అంచు అంతటా పరచుకొంటుంది. అంచుకు చేరువలోని దక్షిణ అమెరికా ఆకారం చెదిరిపోతుంది.

కాబట్టి ఏ పటమూ సంపూర్ణం కాదు. ఒక సత్యాన్ని నిలపడానికి మరొక సత్యాన్ని వదులుకొంటుంది. దేనిని నిలిపింది, దేనిని వదిలింది అని ప్రశ్నించి చూడగలవాడే పటాన్ని చదవగలిగినవాడు.