మెదడువాపు – మనిషికీ గుర్రానికీ ఒకే దోమకాటు

సార్వా నాట్లు ముగిసి గుడివాడ, బందరు పరిసరాలలోను, కృష్ణానది పాయల నడుమనున్న దివిసీమలోను చేలనిండా నీరు నిలిచే రోజులలో తెల్లకొంగలు గట్లపై బారులు తీరుతాయి. చూడముచ్చటైన ఆ దృశ్యంలోనే మెదడువాపు వ్యాధికి కావలసిన పరిస్థితులు చాలావరకు ఉన్నాయి. దీనికి కారణమైన వైరస్ కొంగజాతి పక్షులలోను, పందులలోను వృద్ధిపొందుతుంది. వరిచేలలో పెరిగే క్యూలెక్స్ దోమలు వాటి రక్తం త్రాగి, తరువాత మనిషినో గుర్రాన్నో కుట్టినప్పుడు వ్యాధి సంక్రమిస్తుంది.

ఈ వైరస్‌ను జపానులో 1935లో మనిషి మెదడునుండి, 1937లో గుర్రంనుండి వేరుచేశారు. మన దేశంలో 1955లో వేలూరు ప్రాంతంలో తొలిసారి గుర్తించారు. 1999 అక్టోబరు, నవంబరు నెలలలో అనంతపురం జిల్లాలో ఇది ప్రబలింది.

జట్కా గుర్రానికి ఈ జబ్బు వస్తే ఇంటివారికి అంటుతుందని కొందరు భయపడతారు. అది అపోహ. మనిషి రక్తంలోగాని, గుర్రం రక్తంలోగాని వైరస్ స్వల్పంగా, కొద్దికాలమే ఉంటుంది; దోమకు అది చాలదు. రోగిని వెలివేయవద్దు. జాగ్రత్త వహించవలసినది ఇంటిప్రక్కనున్న పందుల దొడ్డి విషయంలో.

సుశ్రుతుడు కల్పస్థానంలో దోమలను ఐదు రకాలుగా పేర్కొన్నాడు. మన వరిచేల దోమ వాటిలో ఏదో తేల్చే సాహసం మేము చేయము. ఇది అసురసంధ్యవేళ మొదలుకొని రాత్రంతా కుడుతుంది. కాబట్టి పిల్లలకు నిండుచేతుల దుస్తులు, దోమతెర తప్పనిసరి. పెద్దలు కొబ్బరినూనెలో కొద్దిగా వేపనూనె కలిపి ఒంటికి రాసుకోవచ్చు. అయితే పసిపిల్లలకు వేపనూనెను లోపలికి ఎన్నడూ పట్టరాదు. దానివల్లనే మూర్ఛలు రాగలవు. చేలలో నీటిని అప్పుడప్పుడు ఆరగట్టి, వేపపిండి వాడితే దోమపిల్లలు తగ్గుతాయని మధురై పరిశోధకులు 1990 దశకంలో చూపారు.

వైరస్ సోకినవారిలో అధికులకు ఏ లక్షణమూ కనిపించదు. కాని తీవ్రజ్వరం, తలనొప్పి, వాంతులతో బిడ్డ మగతలోకి జారినా, మూర్ఛవచ్చినా అది గృహవైద్యానికి లొంగే స్థితి కాదు. మెదడు వాచినవారిలో నూటికి 30 మంది వరకు మరణించవచ్చు. బ్రతికినవారిలోను పలువురికి అవిటితనం మిగులుతుంది. వైరస్‌ను చంపే మందు ఏ వైద్యవిధానంలోను లేదు. ఆసుపత్రిలో శ్వాసను, మూర్ఛలను అదుపుచేయడమే ప్రాణం నిలుపుతుంది. స్పృహలేని బిడ్డ నోట కషాయం పోయవద్దు, వాతలు పెట్టవద్దు. ప్రక్కకు ఒత్తిగిలబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

వ్యాధి ప్రభావిత జిల్లాలలో 9వ నెలలో ఒకసారి, 16–24 నెలల మధ్య మరొకసారి టీకా వేస్తారు. మీ ప్రాంతంలో ఇస్తున్నారేమో ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో అడగండి. గుర్రాలకు వేరే టీకా ఉన్నది. తూలుతూ మేత మానిన గుర్రాన్ని పశువైద్యునికి చూపాలి.