వలలు కడుగు వేళ

పాఠ్యభాగములు: ఆదికాండము 26:12–22; మత్తయి 20:1–9; లూకా 5:1–7



యాసంగి వరి కోతలు ముగిసి, మృగశిర కార్తె ఇంకను రాని ఆ వారములు పాలకుర్తి ప్రాంతమున ఎట్లుండునో మన మెరుగుదుము. కల్లములు ఖాళీ. రోహిణి ఎండకు పగటివేళ బయట అడుగు పెట్టలేము. కూలికి పిలుచువాడు లేడు. పెండ్లి ముహూర్తములు దాటిన దర్జీకిని, బేరము లేని అంగడివానికిని ఇట్టి దినములు గలవు. చెట్టు నీడను కూర్చున్నవాడు మొదటి దినము దీనిని విశ్రాంతి యనుకొనును; మూడవ దినము విసుగుకొనును; పదియవ దినము తాను దేనికిని కొరగానివాడనని తలంచును. కల్లు దుకాణమునకు త్రోవ అచ్చటనే మొదలగును, అప్పునకును అదియే త్రోవ.

అట్టివారిని మనము సోమరులని అనుట కద్దు. ఇది వ్రాయుచున్న మేమును అనినవారమే. అయితే ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము అయిదు గంటలప్పుడు ఊరక నిలిచినవారిని ప్రశ్నింపగా, తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. ఆయన వారిని గద్దింపలేదు, పనికి పంపెను. సామెతలలోని సోమరి పడక విడువనివాడు. వీరు పని కొరకు వచ్చి నిలిచినవారు. ఈ ఇద్దరిని ఒక్క పేరుతో పిలుచుట అన్యాయము. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో వచ్చుటకు ఇట్టివారి కష్టమే కారణము. కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పని యను ఆ పథకము 2006లో మొదట ఆరంభమైన జిల్లాలలో వరంగల్లును ఒకటి. పాలకుర్తి అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2016లో జనగామ జిల్లాలో చేరినది.

ఇక ఇస్సాకును చూడుడి. గెరారునుండి వెళ్లగొట్టబడి లోయలో దిగిన అతడు మొదట చేసిన పని యేమి? తండ్రి దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చగా, వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టెను. క్రొత్త బావులకు జగడములు వచ్చినవి. (బావి తగవులు మనకును క్రొత్త కాదు!) రెండింటిని విడిచిపోయి, మూడవదానికి రహెబోతు అని పేరు పెట్టెను.

మన చెరువుల పూడికయు నీరు తగ్గిన వేసవిలోనే తీయగలము. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన ఒండ్రుమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. నీరు లేని నెలయే నీటికి చోటు చేయు నెల యాయెను. వేసవి జల్లు పడగానే దున్నిన చేనిలో దాగియున్న పురుగులును, గరిక వేళ్లును పైకి వచ్చి ఎండకు చచ్చును. మట్టి పరీక్షకును ఇదియే అదను: ఎనిమిది పది చోట్ల ఆరు అంగుళముల లోతు గుంట త్రవ్వి, ప్రక్కల మట్టి గీకి, కలిపి, అరకిలో సంచిలో కట్టవలెను. ఇంటి వరి విత్తనము నమ్మదగినదా? నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూడుడి. ఎనుబదికి తక్కువ మొలిచినచో వేరు విత్తనము వెదకుకొనుట మేలు. దీనికి పైసా ఖర్చు లేదు, గాని ఎందరము చేయుచున్నాము?

ప్రతి గడియను పనితో నింపవలెనని మా మాట కాదు. లేవీయకాండములో భూమికే ఏడవ యేట విశ్రాంతి కలదు. మధ్యాహ్నపు ఎండలో పండుకొనువానిని లేపవద్దు.

సీమోనును అతని పాలివారును రాత్రియంతయు ప్రయాసపడి ఏమియు పట్టలేదు. ఖాళీ వలను విసరికొట్టి ఇంటికి పోవచ్చును, వారు పోలేదు. దోనెలు దిగి వలలు కడుగుచుండిరి. ఆ కాలపు వలలు నారతో నేసినవి. కడిగి ఆరవేయనిచో కుళ్లిపోవును. చేపలు పడని రాత్రియు వలకు నాచు, బురద అంటును గదా! ప్రభువు అతని దోనె యడిగినప్పుడు వారు ఆ పనిలోనే యుండిరి. తరువాత లోతునకు పోయి వేసిన వలలు పిగిలిపోవునంతగా చేపలు పడెను. వేరొక దోనెలోని పాలివారికి సైగ చేసి పిలువవలసి వచ్చెను.