ఇంటికి వచ్చిన కుక్కపిల్ల

రైతు యింట ఆవు, దూడ, కోళ్లు, పిల్లి కలిసి బ్రదుకుచుండును. అట్టి యింటికి కుక్కపిల్ల వచ్చినంతనే బాలురు సంబరముతో దానిని పిల్లి యెదుట దింపుదురు. ఇది తగదు. పిల్లి బెదరి పంజా విసరినచో కుక్కపిల్ల కంటికి గాయము కావచ్చును. ఆ బెదురు దానిని చిరకాలము విడువదు.

పుట్టిన 3వ వారము మొదలు సుమారు 14వ వారము వరకు కుక్కపిల్ల తాను చూచిన ప్రాణులతో సులభముగా చెలిమి చేయును. కావున 8 వారములు తల్లికడ పెరిగిన పిదప దానిని తెచ్చి, మెల్లమెల్లగా పరిచయము చేయవలెను.

జంతువులకు మొదటి పరిచయము వాసన. కుక్కపిల్ల పండుకొనిన గోనెను పిల్లికడను, పిల్లి పండుకొనిన గుడ్డను కుక్కపిల్లకడను కొన్ని దినములుంచవలెను. పిదప కుక్కపిల్లకు త్రాడు కట్టి, దూరమునుండి పిల్లిని చూపవలెను. పిల్లి యెక్కి కూర్చుండుటకు అటక వంటి ఎత్తయిన చోటుండవలెను. కుక్క తోక నాడించుట తరచుగా స్నేహమును తెలుపును. పిల్లి తోకను విసరికొట్టుట కోపమును తెలుపును. ఈ భేదము నెరుగక అవి కలహింపవచ్చును.

పరుగెత్తు కోళ్లను వెంటాడుట కుక్కకు సహజము. ఆ అలవాటు ముదిరినచో మాన్పుట కష్టము. కోళ్ల యెదుట అది నెమ్మదిగా కూర్చున్నపుడు మెచ్చుకొని, రొట్టెముక్క పెట్టవలెను. ఈనిన ఆవు దరికి దానిని పోనీయరాదు. దూడపై మమకారముతో ఆవు పొడువవచ్చును. అన్నిటికిని తిండి వేరువేరు చోట్ల పెట్టవలెను. పశువైద్యునిచే కుక్కపిల్లకు సకాలమున టీకాలు వేయింపవలెను.

మూగజీవులకు పరస్పరము నమ్మకము కుదురుటకు దినములు పట్టును. అది చెడుటకు క్షణము చాలును. కావున వాటిని పెంచువారికి ప్రేమతోపాటు ఓర్పును ఉండవలెను.