మెరైన్ ఇంజిన్: హార్స్ పవర్ ఒకటే, చాకిరీ వేరు

కారు, లారీ, చేపల పడవ మూడింటిలోనూ డీజిల్ ఇంజినే ఉండొచ్చు. సిలిండర్లు, పిస్టన్లు, ఇంజెక్టర్లు అవే. అశోక్ లేలాండ్ లారీలకూ ఇంజిన్లు చేస్తుంది, పడవలకూ చేస్తుంది. మరి తేడా ఏమిటని పరీక్షలో అడిగితే ఎక్కువ మంది ‘ఉప్పునీటికి తుప్పు పట్టకుండా తయారుచేస్తారు’ అని రాసి ఊరుకుంటారు. తప్పు కాదు, కానీ ఆ జవాబుకు సగం మార్కులు కూడా కష్టమే. ముందు చూడాల్సింది ఇంజిన్ మీద పడే లోడు.

లోడు తీరు

విశాఖ మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై సరకు లారీ సంగతి తీసుకుందాం. బయల్దేరేటప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ బలమంతా కావాలి. వేగం అందుకున్నాక చదును రోడ్డుపై అందులో కొంత చాలు. పల్లంలో డ్రైవర్ కాలు తీసేస్తాడు, ఇంజిన్‌కు కాస్త ఊపిరి. ఎత్తు వస్తే గేరు తగ్గిస్తాడు. అందుకే లారీ ఇంజిన్‌లో గరిష్ఠ టార్క్‌ను, గరిష్ఠ పవర్ వచ్చే వేగం కంటే బాగా కిందనే ఉండేలా అమరుస్తారు. ఎత్తులో ఆర్‌పీఎం పడిపోతున్నకొద్దీ టార్క్ పెరిగి బండి ఆగిపోకుండా కాస్తుంది.

పడవకు పల్లం రాదు. సాధారణంగా దాని గేర్‌బాక్స్‌లో ముందుకు, న్యూట్రల్, వెనక్కు మాత్రమే ఉంటాయి. మార్చుకోవడానికి గేర్లు లేవు. రేవు దాటాక గంటల తరబడి ఒకే వేగంలో నీటిని తోస్తూనే ఉండాలి.

ప్రొపెల్లర్ ఘన నియమం

ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ పీల్చుకునే టార్క్, దాని వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పవర్ అయితే వేగం ఘనానికి.

ఉదాహరణ: ఒక పడవ ఇంజిన్ 2,400 ఆర్‌పీఎం వద్ద 240 హార్స్ పవర్ ఇస్తుంది. 1,920 ఆర్‌పీఎంకు తగ్గిస్తే ప్రొపెల్లర్‌కు ఎంత పవర్ కావాలి?

1,920 అంటే 2,400లో 0.8 వంతు. 0.8 ఘనం 0.512. దాన్ని 240తో గుణిస్తే సుమారు 123 హార్స్ పవర్. వేగం ఐదో వంతు తగ్గితే పవర్ దాదాపు సగానికి పడిపోయింది! 1,200 ఆర్‌పీఎంలో అయితే 30 చాలు. ఓడలు కొంచెం నెమ్మదిగా నడిచి బోలెడు ఇంధనం ఆదా చేసే రహస్యం ఈ లెక్కలోనే ఉంది.

ఇదే లెక్క ఎదురు తిరగడమూ ఉంది. పడవకు పిచ్ (రెక్కల వాలు) ఎక్కువున్న ప్రొపెల్లర్ బిగించారనుకోండి. నిండు లోడుతో థ్రాటిల్ పూర్తిగా తెరిచినా 2,400 అందుకోవాల్సిన ఇంజిన్ 2,100 దగ్గరే మొరాయిస్తుంది. పొగగొట్టంలోంచి నల్లపొగ కక్కుతుంది. గేరు తగ్గించి తప్పించుకునే దారి లేదు కాబట్టి ఆ అధిక భారాన్ని మోస్తూనే వేడెక్కుతుంది. అందుకే కొత్త ప్రొపెల్లర్ వేశాక ట్రయల్‌లో ముందు చూసేది, ఇంజిన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకుంటోందా లేదా అని.

రేటింగ్ అంటే

ఒకే ఇంజిన్‌కు కేటలాగులో రెండు మూడు హార్స్ పవర్ అంకెలు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు. అప్పుడప్పుడు నడిపే విహార పడవకు పెద్ద అంకె, రోజంతా వల లాగే ట్రాలర్‌కు చిన్న అంకె ఇస్తారు. పవర్ ఎంత అన్నదాంతో పాటు ఎంతసేపు అన్నదీ చెప్పాలి మరి. పెద్ద ఓడల్లో, ఆగకుండా ఇవ్వగల గరిష్ఠ పవర్‌ను గరిష్ఠ నిరంతర రేటింగ్ అంటారు. రోజువారీ ప్రయాణంలో అందులోనూ కొంత మిగుల్చుకునే నడుపుతారు.

పెద్ద ఓడల ఇంజిన్

2006లో వచ్చిన ఎమ్మా మెర్స్క్ కంటైనర్ ఓడలోని ఇంజిన్‌కు 14 సిలిండర్లు. బోరు 960 మిల్లీమీటర్లు, స్ట్రోక్ రెండున్నర మీటర్లు. పవర్ సుమారు 80,080 కిలోవాట్లు. అంత బలమున్నా తిరిగేది నిమిషానికి 102 సార్లు మాత్రమే. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్, మధ్యలో గేర్‌బాక్స్ లేకుండా నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఓడ వెనక్కు నడవాలంటే ఇంజిన్‌నే ఆపి, సంపీడన గాలితో వ్యతిరేక దిశలో స్టార్ట్ చేస్తారు.

నెమ్మది ఎందుకంటే, పెద్ద ప్రొపెల్లర్ నిదానంగా తిరిగితేనే దాని సామర్థ్యం ఎక్కువ. అయితే పిస్టన్ కూడా నిదానమేనని అనుకుంటే పొరపాటు. సగటు పిస్టన్ వేగం = 2 × స్ట్రోక్ × ఆర్‌పీఎం ÷ 60. ఈ ఇంజిన్‌కు సెకనుకు 8.5 మీటర్లు. 130 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 2,200 ఆర్‌పీఎంలో తిరిగే లారీ ఇంజిన్‌కు సుమారు 9.5. రెండూ దగ్గర దగ్గరే!

పొడవాటి స్ట్రోక్, ఇంధనం మండటానికి చాలినంత వ్యవధి, ఘనపరిమాణంతో పోలిస్తే తక్కువ గోడల వైశాల్యం వల్ల ఈ తరహా ఇంజిన్ల ఉష్ణ సామర్థ్యం 50 శాతం దాటుతుంది. మామూలు పెట్రోల్ కారు ఇంజిన్ అంత దూరం రాదు.

చల్లబరచడం, భద్రత

కారు ముందుకు వెళుతుంటే గాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. పడవ ఇంజిన్ గదిలో ఆ గాలి ఉండదు. అందుకని ఇంజిన్‌లో తిరిగే మంచినీటిని హీట్ ఎక్స్ఛేంజర్‌లో సముద్రపు నీటితో చల్లబరుస్తారు. తుప్పును తమ మీదికి తీసుకునే జింక్ ముక్కలు పెడతారు. చిన్న ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ కూడా నీళ్లు తిప్పుతారు. ఓడల్లో 220 డిగ్రీల సెల్సియస్ దాటే ఉపరితలాలపై నూనె పడే అవకాశముంటే మంట రేగకుండా వాటికి తొడుగు వేయాలన్నది సముద్ర భద్రతపై అంతర్జాతీయ ఒప్పందమైన సోలాస్ నిబంధన. ఓడ ఇంధనం ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) సాధారణంగా 60 డిగ్రీలకు తగ్గకూడదన్నదీ ఆ ఒప్పందంలోనిదే. పెట్రోల్ ఆవిరి సున్నా కంటే ఎంతో కింది ఉష్ణోగ్రతలోనే అంటుకుంటుంది కాబట్టి పెద్ద ఓడల్లో దానికి చోటు లేదు.

ఇంధనం: అంకెలతో జాగ్రత్త

పెద్ద ఓడలు వాడే బరువైన ఇంధనాన్ని వేడిచేసి పల్చబరిస్తే తప్ప ఇంజెక్టర్ దాకా రాదు. ఈ ఇంధనంలో గంధకం పరిమితి, ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్ ఆరో అనుబంధం కిందకు వస్తుంది. 2020 జనవరి 1 నుంచి ప్రపంచవ్యాప్తంగా అది 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో రోడ్డు వాహనాలకు బీఎస్-6 ఉద్గార ప్రమాణం అమల్లోకి వచ్చింది, దాని కింద డీజిల్‌లో గంధకం పరిమితి 10 పీపీఎం. రెండింటినీ ఒకే ప్రశ్నలో పెడితే ముందు యూనిట్ మార్చుకోండి. 0.5 శాతం అంటే 5,000 పీపీఎం, అంటే రోడ్డు డీజిల్‌కు ఉన్న పరిమితికి 500 రెట్లు.