గడప దగ్గర సుద్దగీత

భద్రాచలం,
ఆదివారం రాత్రి.

అల్లుడికి,

 

నువ్వు ఫోనులో పంపిన సన్మానసభ ఫ్లెక్సీ చూశాను. నాయకుల ఫోటోలు అరచేతంత ఉన్నాయి, మీకు ఫుట్‌బాల్ నేర్పిన సారు ఫోటో బొటనవేలంత ఉంది. అడుగున మీ జట్టు పిల్లలందరి మొహాలూ వరసగా పేర్చారు. మనిషి బతికుండగానే శ్రద్ధాంజలి బోర్డు కట్టినట్టుంది. కోపం తెచ్చుకోకు. సభలో చదవడానికి ప్రసంగం రాసిపెట్టమన్నావు గదా, దాని బదులు ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

మొన్న గురువారం దుమ్ముగూడెం బస్సెక్కి పోయి సారును చూసొచ్చాను. మంచం మీంచి లేచి వీధి గుమ్మం దాకా బాగానే నడిచాడు. గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ఆయనకున్న పార్కిన్సన్స్ జబ్బులో ఇది మామూలేనట. కాళ్లలో సత్తువ ఉంటుంది, నడవమని మెదడు పంపే కబురే సరిగా అందదు. వెనక నుంచి తోస్తే పడిపోతాడు. "నడువు, నడువు" అని తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతాడు. వాళ్లావిడ గడపకు అటూ ఇటూ సుద్దముక్కతో అడ్డంగా రెండు గీతలు గీసిపెట్టింది. ఆయన కిందికి చూశాడు, గీత కనబడింది, కాలెత్తి దాటేశాడు. కంటికి ఏదైనా గుర్తు దొరికితే ఆగిన కాలు కదులుతుందని ఖమ్మంలో డాక్టరు చెప్పాడట. అందరికీ కదలదు, ప్రతిసారీ కదలదు. ఆ డాక్టరు దగ్గరికి పోయి రావడానికి వీళ్లకు ఒక పగలంతా పడుతుంది.

నేను ఊరికే ఉండలేక మనవరాలి రబ్బరు బంతి తీసి మెల్లగా ఆయన కుడికాలి ముందుకు దొర్లించాను. కాలు లేచింది. బంతి పోయి తులసికోటకు తగిలింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం నన్ను చెడామడా తిట్టింది, పడితే తుంటి విరుగుతుంది, ఎవరు చూస్తారని. ఆవిడన్నదే నిజం. ఆ పని నువ్వు చేయకు.

మీకు ఆయన విజిలు మెడలో వేసుకుని అరిచే సారు. నాకు మాత్రం రైటు వింగు మీద గీత పట్టుకుని పరిగెత్తే కుర్రాడు. మన అడవి పల్లెల్లో అప్పుడూ ఇప్పుడూ వాలీబాలుదే రాజ్యం. ఫుట్‌బాలంటే కొత్తగూడెంలో సింగరేణి వాళ్లు ఆడుకునే ఆట అనుకునేవాళ్లు. అయినా సంతరోజు మ్యాచి పెడితే ఊరు ఊరంతా వచ్చి నిలబడేది. ఉప్పు మూటలు, పొగాకు కట్టలు చంకలో పెట్టుకునే చూసేవాళ్లు. కొంట వైపు నుంచి కూడా జట్లొచ్చేవి, అప్పుడది మధ్యప్రదేశ్. నేను గోల్‌కీపర్ని. నా వెనక వల ఉండేది కాదు, తునికాకు ఆరబోసిన కళ్లం ఉండేది. గోలు పడితే బంతి కోసం ఆ ఆకు తొక్కుకుంటూ పోవాలి, కళ్లందారు చేతిలో తిట్లు తినాలి.

ఆ రోజుల్లో ఆట చూసిన కోయ పెద్దాయన ఒకడు ఇప్పటికీ సంతకు వచ్చినప్పుడల్లా సారు ఇంటికి వస్తాడు. ఒకసారి తేనె తెస్తాడు, ఒకసారి వెదురు కొమ్ములు, ఏమీ లేకపోతే ఉత్త చేతులతోనే వస్తాడు. అరుగు మీద కూర్చుని ఎప్పుడూ ఒకే కథ చెబుతాడు. సారు కొట్టిన బంతి గోలు మీంచి పోయి కుండలమ్మే మనిషి కుండల్లో పడిన కథ. చెప్పినప్పుడల్లా పగిలిన కుండల లెక్క పెరుగుతుంది. గురువారం అది పన్నెండుకు చేరింది. అప్పటిదాకా నోరు విప్పని సారు, గాలికి కొట్టుకుపోయేంత చిన్న గొంతుతో "మూడే" అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. పావుగంట వాదులాడుకున్నారు. నిన్న ఏం తిన్నాడో సారుకు గుర్తుండదుగానీ, ఆ మూడు కుండల్లో ఒకటి నీళ్లకుండ అని కూడా చెప్పాడు.

అల్లుడూ, నువ్వు చేయాలనుకుంటున్న సన్మానం ఆ పెద్దాయన ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాడు.

నువ్వుండేది హైదరాబాదులో. మహమ్మద్ హబీబ్ పేరు విన్నావా? నీ ఆఫీసులో అడిగి చూడు, ఎంతమందికి తెలుసో. 1977 సెప్టెంబరు 24న పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు. ఆట 2-2తో ముగిసింది. మన వైపు ఒక గోలు శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. అందరూ పెలేను చూద్దామని వస్తే మన హైదరాబాదు కుర్రాడు గోలు కొట్టాడు. నేను కొత్తగూడెం రీడింగ్ రూములో పేపరు చూసి ఆ వార్త సారుకు చదివి వినిపించాను, ఆయన ఇంకోసారి చదవమన్నాడు. కలకత్తా వాళ్లు హబీబ్‌ను బడే మియా అన్నారు, తమ్ముడు అక్బర్‌ను ఛోటే మియా అన్నారు. 1970లో బ్యాంకాక్ ఏషియాడ్‌లో కంచు పతకం తెచ్చిన జట్టులో హబీబ్ ఉన్నాడు, ఆ జట్టుకు కెప్టెన్ నయీముద్దీనూ మన హైదరాబాదీయే. తోటి ఆటగాళ్లు బ్యాంకుల్లో, రైల్వేల్లో ఉద్యోగాలు చూసుకుంటుంటే హబీబ్ ఆటనే నమ్ముకున్నాడు. చివరి ఏళ్లలో మతిమరుపు జబ్బు, దానితో పాటు పార్కిన్సన్స్ లక్షణాలు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో పోయాడు. ఆ రోజు మన ఊళ్లో జెండా ఎగరేసి బూందీ పొట్లాలు పంచుకున్నాం. హబీబ్ పేరు ఎవరూ ఎత్తలేదు. నాకూ రాత్రి వార్తల్లోగానీ తెలియలేదు.

అదే ఏడాది ఫిబ్రవరి 16న కలకత్తాలో తులసీదాస్ బలరాం పోయాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. పేద ఇంటి పిల్లవాడు, అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు వచ్చి పోవడానికి సైకిలు అద్దె డబ్బులు కోచ్ రహీం సాబ్ ఇచ్చేవాడంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. హంగరీ అంటే అప్పట్లో మామూలు జట్టా! 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ముగ్గురినీ కలిపే చెప్పుకునేది దేశం. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకు రాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లకే ఆట వదిలేయాల్సి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఉత్తర్‌పారాలో ఒంటరిగా ఉన్నాడు. ఆసుపత్రిలో చేరాక దేశమంతా వార్త అయింది. మంచంలో ఉన్నవాడికి ఆ వార్తలు ఎవరు చదివి వినిపించారో!

ఆ సైకిలు డబ్బులిచ్చిన రహీం సాబ్ కథ నువ్వు సినిమాలో చూసే ఉంటావు. బడిపంతులు. 1962 సెప్టెంబరులో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి జట్టుకు బంగారం ఇప్పించాడు, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయాడు. సినిమా వచ్చింది 2024లో. అరవై ఒక్క ఏళ్లు! మనం గుర్తు చేసుకోమని ఎవరనగలరు, కాకపోతే మన గుర్తుకు బస్సు ఎప్పుడూ ఆలస్యమే.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. మా జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడినవాడు, పేరెందుకులే, కిడ్నీలు పాడై మంచాన పడ్డాడు. ఒకసారి వచ్చి పొమ్మని రెండుసార్లు కబురంపాడు. తునికాకు సీజను అయ్యాక వస్తానన్నాను. ఆకు కళ్లం మీద ఉండగానే కబురొచ్చింది. దినం రోజు పూలదండ పట్టుకుని పోతే వాళ్లమ్మ నా చేతిలోంచి దండ తీసుకుని ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆవిడ ఏదైనా అని ఉంటే బాగుండేది.

అందుకే ముందు మనిషిని చూడటానికి రా. సభ సంగతి తర్వాత చూద్దాం. ఇరవై మంది కలిసి రావద్దు, ఇద్దరిద్దరుగా రండి. రాగానే "సార్, నన్ను గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టొద్దు. మీ పేరు మీరే ముందు చెప్పండి, ఏ సంవత్సరం జట్టో, ఏ పొజిషనో చెప్పండి. ఈ జబ్బులో మొహం కండరాలు సరిగా కదలవు, అందుకని ఆయన నవ్వలేదని నొచ్చుకోకు, లోపల నవ్వుతూనే ఉంటాడు. గొంతు పెగలడానికి టైం పడుతుంది. నువ్వు ఖాళీని మాటలతో నింపేయకుండా ఆగాలి, అది నీకు కష్టమని నాకు తెలుసు. పాత ఫోటోలుంటే పెద్దవి వేయించి తీసుకురా. స్కాట్లాండ్‌లో మతిమరుపు జబ్బున్న వాళ్లతో అభిమానులు కూర్చుని పాత మ్యాచిల ఫోటోలు ముందేసుకుని కబుర్లు చెప్పుకునే కార్యక్రమమే ఉంది, ఫుట్‌బాల్ మెమొరీస్ అని. నిన్నటిది మరిచిపోయినవాడికి కూడా నలభై ఏళ్ల నాటి కార్నర్ కిక్ గుర్తుంటుందట. మన కోయ పెద్దాయనకు ఆ సంగతి ఎవరూ నేర్పలేదు. నువ్వూ కాస్త తప్పుగా చెప్పి చూడు, సరిదిద్దడానికైనా సారు మాట్లాడతాడు.

సెల్ఫీ మాత్రం వద్దు. చొంగ తుడుచుకోలేని స్థితిలో తీసిన ఫోటో నలుగురూ చూడటం ఆయనకు ఇష్టముండదు.

ఇక వాళ్లావిడ. మూడేళ్లుగా ఆ మనిషి రాత్రి ఒక్క తీరున నిద్రపోలేదు. మాత్రల వేళ తప్పితే కాళ్లు బిగుసుకుపోతాయి, కాబట్టి గడియారం ఆవిడ మెడకు కట్టినట్టే. ఊళ్లో ఉన్న మీ జట్టు పిల్లలు వంతులు వేసుకుని వారానికి రెండు మధ్యాహ్నాలు సారు దగ్గర కూర్చుంటే, ఆవిడ బ్యాంకుకు పోయొస్తుంది, రాములవారి గుడికి పోయొస్తుంది, లేదా పడుకుంటుంది. పడుకుంటుందనే నా అనుమానం.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ హద్దు పది లక్షలకు పెంచారుగానీ రోజూ వేసుకునే మాత్రలకు దానితో పని జరగదు. స్టేజీ మీద ఒకేసారి చెక్కు ఇచ్చి ఫోటో దిగే కన్నా, పదిమంది నెలకు ఇంతని వేసుకుని మందుల షాపులో కట్టేయండి, ఎవరు కట్టారో షాపువాడికి తప్ప తెలియనక్కర్లేదు. కష్టాల్లో ఉన్న పాత ఆటగాళ్ల కోసం కేంద్ర క్రీడాశాఖలో ఒక సంక్షేమ నిధి ఉంది, 1982లో పెట్టింది. దానికి రాయాలంటే ఆడినట్టు కాగితాలు చూపించాలి. సారు కాగితాలన్నీ 1986 ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో సహా పోయాయి. పెట్టె పోయిందని ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది, కాగితాల గురించి కాదు, అందులో పెళ్లిచీర ఉందట. నువ్వు కంప్యూటర్ మనిషివి. పాత పేపర్లు తిరగేసి, సంఘాల రికార్డులు అడిగి, ఎక్కడైనా ఆయన పేరు దొరుకుతుందేమో చూడు. ప్రసంగం కన్నా అది పెద్ద పని. అది చేసే ఓపిక నీకుంది.

ఇంకొక్క మాట. మీరు చిన్నపిల్లలకు కోచింగ్ ఇస్తున్నారని విన్నాను. పదేళ్ల పిల్లల చేత వరసగా తలతో బంతి కొట్టించడం మానేయండి. 2019లో గ్లాస్గో పరిశోధకులు పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ల మరణాలు లెక్క తీస్తే, మతిమరుపు, పార్కిన్సన్స్ లాంటి మెదడు జబ్బులతో పోయినవాళ్లు మామూలు జనం కన్నా మూడున్నర రెట్లు ఎక్కువ కనబడ్డారు. సారు జబ్బు దానివల్లేనని నేననను, హబీబ్ సంగతీ అనను. మేమైతే వానకు తడిసి రాయిలా బరువెక్కిన తోలు బంతిని తలతో కొట్టి మొనగాళ్లమనుకున్నాం. అమెరికాలో పదేళ్లు, అంతకు లోపు పిల్లలకు అది మాన్పించి చాలా కాలమైంది.

ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు, ఇవ్వకపోతే పోనీ. శాలువా కొన్నానన్నావు, అది తెచ్చెయ్, అడవి చలికి పనికొస్తుంది. స్టేజీ లేకుండా కూడా కప్పొచ్చు.

శనివారం రాత్రి బస్సెక్కితే ఆదివారం పొద్దున్నకు ఇక్కడుంటావు, కలిసే పోదాం. సారు పదింటికి మాత్ర వేసుకుంటాడు, పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా కాళ్లు బాగా ఆడతాయి. ఆ వేళకు అక్కడుండాలి. వచ్చేటప్పుడు ఒక డబ్బా సుద్దముక్కలు పట్టుకురా. వాళ్లింట్లో అయిపోవచ్చాయి.

ఇట్లు
మీ మామయ్య