వేసవి రాత్రి ఒక అరగంట: పిల్లలతో కలిసి ఆడదగ్గ ప్రశాంతమైన గేమ్స్



పోయిన ఏడాది పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు "సెలవుల్లో వీడికి ఫోన్ ఇవ్వమంటారా టీచర్?" అని అడిగారు. నేను ఆలోచించకుండా "అస్సలు ఇవ్వకండి మేడమ్" అన్నాను. జూన్‌లో స్కూల్ తెరిచాక, సెలవులు ఎలా గడిపారో ఇంగ్లిష్‌లో రాయమని పిల్లలకు చెప్పాను. ఆ బాబు రాసింది ఇది: "రోజూ రాత్రి దుప్పటి కప్పుకుని గేమ్ ఆడాను. బాగా చెమట పట్టేది." మే నెలలో దుప్పటి! ఆ పేజీలో స్పెల్లింగ్ తప్పులు దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. తప్పు నా సలహాలోనే ఉంది.

అందుకే ఈ ఏడాది ఇంకో మాట చెబుతున్నాను. దాచుకుని ఆడే రెండు గంటల కన్నా, మీ పక్కన కూర్చుని ఆడే అరగంట మేలు. అయితే ఏ గేమ్ ఆడుతున్నారన్నది ముఖ్యం.

ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

1. గేమ్‌ను ఎప్పుడంటే అప్పుడు ఆపవచ్చా? టీమ్‌గా ఆడే షూటింగ్ గేమ్‌లో మధ్యలో లేస్తే మిగతావాళ్ళు ఓడిపోతారు. "ఒక్క నిమిషం మమ్మీ" అని పిల్లలు బతిమాలేది అందుకే. అది ప్రతిసారీ మొండితనం కాదు.

2. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడాల్సి వస్తుందా?

3. ఆట మధ్యలో డబ్బులు అడుగుతుందా? ఉచితంగా దొరికే గేమ్స్‌లో ప్రకటనలు, కొనుగోళ్ళు ఉంటాయేమో ముందు మీరే ఆడి చూడండి.

ఈ ప్రశ్నలు వేసుకుని నేను ఎంచుకున్నవి నాలుగు.

ఆల్టోస్ ఒడిస్సీ (2018): ఫోన్‌లో ఆడేది. ఆల్టో ఎడారి ఇసుక తిన్నెల మీద బోర్డుతో జారుకుంటూ పోతుంటాడు. చూస్తుండగానే సాయంత్రం రాత్రవుతుంది, దూరంగా గాలి బెలూన్లు తేలుతూ కనిపిస్తాయి. ఇందులో 'జెన్ మోడ్' ఎంచుకోండి. అందులో స్కోరు ఉండదు, ఏరుకోవడానికి నాణేలు ఉండవు. పడితే లేచి మళ్ళీ వెళ్ళడమే.

మాన్యుమెంట్ వ్యాలీ (2014): ఇదీ ఫోన్‌లోనే. ఐడా అనే చిన్న రాకుమారిని వింత కట్టడాల గుండా నడిపించాలి. ఒక వైపు నుంచి విడిపోయి కనిపించే దారి, కట్టడాన్ని తిప్పితే కలిసిపోతుంది. ఎం.సి. ఎషర్ అనే డచ్ చిత్రకారుడి బొమ్మల ప్రభావం ఇందులో బాగా కనిపిస్తుంది. టైమర్ లేదు. మొత్తం పది అధ్యాయాలు, రాత్రికి ఒకటి చాలు. జామెట్రీ అంటే భయపడే పిల్లలకు ఇది మంచి చెలిమి.

టౌన్‌స్కేపర్ (2021): చిన్న తరగతుల పిల్లలకు. సముద్రం మీద ఎక్కడ తాకితే అక్కడ ఒక రంగుల ఇల్లు లేస్తుంది. గెలవడం, ఓడడం రెండూ లేవు. నీళ్ళ మీద ఊరు కట్టుకోవడమే ఆట.

ఎ షార్ట్ హైక్ (2019): దీనికి కంప్యూటర్ గానీ గేమింగ్ కన్సోల్ గానీ కావాలి. సెలవులకు పిన్నితో కలిసి కొండ ప్రాంతానికి వచ్చిన క్లెయిర్ అనే పక్షిపిల్ల కథ ఇది. తనకు ఒక ముఖ్యమైన ఫోన్ రావాలి, అక్కడేమో సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం శిఖరం ఎక్కాలి. దారిలో కనిపించిన వాళ్ళతో మాట్లాడవచ్చు, చేపలు పట్టవచ్చు. రెండు గంటల్లోపే పూర్తవుతుంది కాబట్టి నాలుగు రాత్రులకు సరిపోతుంది. మాటలన్నీ తేలికైన ఇంగ్లిష్‌లో ఉంటాయి. క్లెయిర్ మాటలు మీ పాప, మిగతావాళ్ళ మాటలు మీరు పైకి చదవండి. మీ ఉచ్చారణ గురించి బెంగ వద్దు. తప్పు చదివితే పిల్లలే సరిచేస్తారు, అది వాళ్ళకు మహా సంబరం. శిఖరం మీద వచ్చే ఫోన్ ఎవరిదో నేను చెప్పను. ఆ సమయంలో మాత్రం మీరు పక్కన ఉండండి.

ఎప్పుడు, ఎక్కడ?

రాత్రి ఎనిమిదింటికి భోజనాలు ముగించి, నీళ్ళు చల్లిన డాబా మీద చాప వేసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీ చాలు. ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి, సౌండ్ తక్కువగా అందరికీ వినబడనివ్వండి. ఈ గేమ్స్‌లో సంగీతమే సగం హాయి.

ఛార్జింగ్ పెట్టి ఆడనివ్వకండి. ఫోన్‌ను దిండు మీద, పరుపు మీద ఉంచకండి. ఎండాకాలంలో బ్యాటరీ అసలే వేడెక్కుతుంది, వేడి ఎక్కువైతే పాడవుతుంది.

ఎనిమిదిన్నరకు స్క్రీన్ ఆపేయాలి. గేమ్ ఎంత ప్రశాంతమైనదైనా వెలుగు వెలుగే. పడుకోవడానికి కనీసం గంట ముందు అన్ని స్క్రీన్లూ ఆపడం మంచిది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటలు, ఆపై టీనేజ్ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. సెలవుల్లోనూ ఈ లెక్క మారదు.

ఈ నెల మీకు హోమ్‌వర్క్

ఒక్క రాత్రి ఫోన్ మీ పిల్లల చేతికిచ్చి "నాకు నేర్పించు" అనండి. నడుమ సలహాలు ఇవ్వకండి, మార్కుల ప్రస్తావన తేకండి. ఆపేశాక అలాగే వెల్లకిలా పడుకుని ఈ మూడు అడగండి: ఆ చోటు ఎలా అనిపించింది? అక్కడ ఏ శబ్దం నచ్చింది? మనం నిజంగా అలాంటి చోటికి వెళితే నువ్వు ముందు ఏం చేస్తావు? జవాబు తెలుగులో వచ్చినా ఇంగ్లిష్‌లో వచ్చినా పూర్తిగా వినండి.

జూన్‌లో మళ్ళీ అదే వ్యాసం రాయిస్తాను. ఈసారి దుప్పటి బదులు డాబా, పక్కన మీరూ ఆ పేజీలో కనిపిస్తారని ఎదురుచూస్తుంటాను.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్